కొల్లేరు చిక్కుముడి: వేట చేప, మేత చేప

ఏలూరులో కైకలూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్న కొత్తవాళ్లు, కొల్లేరు దాటేశాక అడుగుతారు, "ఇంతకీ కొల్లేరు ఎక్కడండీ?" అని. వాళ్ల తప్పేమీ లేదు. దారి పొడవునా నీళ్లే. కాకపోతే ఆ నీళ్లు ముక్కలు ముక్కలుగా, చుట్టూ గట్టేసుకుని, గట్టు మీద ఒక కాపలా పాక, ఒక ఇంజను పెట్టుకుని ఉంటాయి. సరస్సు అనగానే మనసులో మెదిలే బొమ్మకీ దానికీ పొంతన కుదరదు.

కొల్లేరు వార్తలూ అంతే, ముక్కలు ముక్కలు. ఒకరోజు గూడబాతులు, ఒకరోజు ఆక్రమణలు, ఇంకోరోజు కాంటూరు. వరదొస్తే ఉప్పుటేరు గుర్తొస్తుంది, ఎన్నికలొస్తే మత్స్యకారులు గుర్తొస్తారు. ఏ ముక్కకా ముక్క చదువుకుంటూ పోతే ఎవరిది న్యాయమో అర్థం కాదు. ఈ చిక్కు విప్పడానికి పట్టుకోవాల్సిన కొస నాకు తెలిసి ఒకటే: కొల్లేరులో చేప రెండు రకాలు. బొచ్చె, కొర్రమీను అని జాతుల లెక్క చెప్పడం లేదు. నీళ్లతో పాటు తనంతట తాను వచ్చే చేప ఒకటి, డబ్బు పెట్టి తెచ్చి పోసిన చేప ఒకటి. మొదటిదాన్ని వేటాడతారు, రెండోదాన్ని మేపుతారు. రెండింటినీ 'కొల్లేరు చేప' అనే ఒకే గంపలో వేసేయడం వల్లే సగం గందరగోళం.

పళ్లెం లాంటి సరస్సు

ముందు నీళ్ల సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాలు రెండూ మేట వేసుకుంటూ సముద్రం వైపు పెరిగిపోతే, మధ్యలో పూడకుండా మిగిలిపోయిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దీంట్లోకే దిగుతాయి. డెల్టా పొలాల మురుగు కాలువలు పదుల సంఖ్యలో వచ్చి కలుస్తాయి. ఇన్ని దారుల్లో వచ్చిన నీరు బయటికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. దాదాపు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది.

సరస్సును గిన్నెలా ఊహించుకుంటే లెక్క తప్పుతుంది. ఇది పళ్లెం. వానాకాలంలో కూడా లోతు చాలాచోట్ల నిలువెత్తుకు అటూ ఇటూగానే ఉంటుంది. అందుకే మట్టం ఒక్క అడుగు మారితే ఒడ్డు మైళ్ల దూరం జరిగిపోతుంది. సముద్ర మట్టానికి 3 అడుగుల ఎత్తు దాకా నీళ్లుంటే కొల్లేరు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. 5 అడుగులకు చేరితే 308. పది అడుగులకు చేరితే 901. కేవలం రెండడుగుల తేడాకు సరస్సు రెట్టింపు కంటే ఎక్కువవుతోంది! కాగితాల్లో '+3', '+5', '+10 కాంటూరు' అని కనబడేవి ఇవే. సమాన ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీసిన గీతలు, అంతకన్నా మర్మమేమీ లేదు.

ఇంకొక లెక్క కూడా సరదాగా వేసి చూడండి. కొల్లేరులో నీళ్లు +5 దగ్గర ఉన్నాయనుకుందాం. అక్కడి నుంచి సముద్రానికి 60 కిలోమీటర్లు, దిగాల్సింది 5 అడుగులు, అంటే 60 అంగుళాలు. కిలోమీటరుకు ఒక అంగుళం వాలు. నీరు పల్లమెరుగు అంటారు గానీ, ఇంత సన్నటి పల్లాన్ని ఎరగడం నీటికి కూడా కష్టమే. పైగా అవతల సముద్రం ఊరుకోదు. పోటు వేళ నీటిని వెనక్కి నెడుతుంది. వేసవిలో సరస్సు మట్టం బాగా తగ్గితే ఉప్పునీరే ఎదురెక్కి పైకొస్తుంది. ఆ ఏటికి ఉప్పుటేరని పేరు పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు.

స్థానికంగా ఒక కథ చెప్పుకుంటారు. కొల్లేటికోటలో శత్రువు ఉన్నాడు, చుట్టూ నీళ్లు, ముట్టడి సాగడం లేదు. అప్పుడు సరస్సు నీటిని సముద్రంలోకి దించడానికి కాలువ తవ్వారట, ఆ సందర్భంలో సేనాని కూతురు బలైందట. ఆ కాలువకు పెరంటాలకనుమ అన్న పేరు అలా వచ్చిందంటారు. చరిత్రగా దీన్ని ఎవరూ నిరూపించలేరు. కానీ కథ అల్లినవాళ్లకు ఒకటి మాత్రం బాగా తెలుసు: కొల్లేరు నీళ్లు దిగడమంటే మామూలు పని కాదని.

నీళ్లతో వచ్చే చేప

తొలకరికి ఏర్లు కదలగానే చేపలు ఎదురెక్కుతాయి. కొత్తనీటి వాసనకు గుడ్లు పెట్టడానికి పైకి పోతాయి. కిక్కిస (రెల్లు లాంటి నీటి గడ్డి) దుబ్బుల్లో, ముంపు గడ్డిలో పిల్లలు పెరుగుతాయి. మట్టం తగ్గేటప్పుడు నీటితో పాటే వెనక్కి దిగుతాయి. కొర్రమీను, మట్టగిడస, వాలుగ, మార్పు, జెల్ల, గొరక... ఇవి మంచినీటివి. వీటికి తోడు ఉప్పుటేరు దారిన వచ్చే బంధువులు కొందరున్నారు. పండుగప్ప ఉప్పునీటికీ మంచినీటికీ మధ్య రాకపోకలు సాగిస్తుంది. నీలకంఠ రొయ్యదైతే మరీ విచిత్రం. పెరగడం మంచినీటిలో, గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు బతకడానికి మాత్రం కొంచెం ఉప్పు తగలాలి. కాబట్టి తల్లి కిందికి దిగాలి, పిల్లలు మళ్లీ పైకి రావాలి. ఏరు మూసుకుపోతే ఆ వంశం అక్కడితో సరి. (పులసను మాత్రం ఈ జాబితాలో వెతకకండి. అది గోదావరి సొత్తు. కొల్లేరు ఒడ్డున ఎవరైనా పులస పులుసని బోర్డు పెడితే రెండుసార్లు ఆలోచించండి.)

ఈ చేపను పట్టడానికి పుట్టిన సాధనం మావు. వెదురు పుల్లలతో అల్లిన ఉచ్చు. చేప లోపలికి పోగలదు, తిరిగి రాలేదు. నీరు పారే దారిలో మావులు వరసగా పెట్టి, సాయంత్రం వదిలి, తెల్లవారుజామున ఎత్తుకుంటారు. దీనికి తోడు విసురు వల, గాలాలు. మావు పని చేయాలంటే నీరు కదలాలి. నిలిచిన నీళ్లలో మావు పెట్టడమంటే ఎవరూ నడవని దారిలో టీకొట్టు పెట్టినట్టే.

మనిషి తిరగడానికి తాటి దోనె. తాడిమాను పైన ఇనుములా గట్టి, లోపల మెత్తన. నిలువునా చీల్చి లోపలి మెత్తన తోడేస్తే దోనె తయారు. మొదలు వైపు ఉబ్బు ఉంటుంది కాబట్టి నీటి మీద నిలబడుతుంది. ఒక్క మనిషికి ఒక దోనె, లేదా రెంటిని పక్కపక్కన కట్టి సామాను వేసుకోవడం. గెడ పట్టుకుని నిలబడి నెట్టుకుంటూ పోవాలి. లోతు లేని చోట తెడ్డు కంటే గెడే పనికొస్తుంది. జానెడు నీటిలో కూడా జారిపోయే ఈ దోనెను చూస్తే, పళ్లెం లాంటి సరస్సుకు పళ్లెం లాంటి పడవే కావాలని ఎవరో లెక్కగట్టి చేసినట్టుంటుంది. సరస్సు మధ్య లంక గ్రామాలకు బడి, ఆసుపత్రి, సంత, పెళ్లి అన్నీ ఒకప్పుడు నీళ్ల మీదుగానే. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు జనం పడవల మీద కదిలేవారు.

ఈ వేటలో ఎక్కువమంది వడ్డీ కులంవాళ్లు. ఉప్పుటేరు దిగువకు పోయేకొద్దీ అగ్నికులక్షత్రియులు కనిపిస్తారు. వేట చేపకు పట్టా ఉండదు. నీరెక్కడుంటే చేప అక్కడ, చేపెక్కడుంటే దోనె అక్కడ. ఈ వాక్యం మీదే తర్వాతి గొడవంతా నిలబడింది.

పోసిన చేప

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలిచిన చెరువు నీటిలో బాగా పెరుగుతాయి గానీ గుడ్లు పెట్టవు. వాటికి పారే వరద కావాలి. కాబట్టి చాలాకాలం చేపల సాగు అంటే నదుల్లో దొరికిన పిల్లలను ఏరుకుని తెచ్చి వేసుకోవడమే. 1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం ఇంజెక్షన్‌తో ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించడంతో కథ మలుపు తిరిగింది. దేశంలో ఆ తేదీనే ఇప్పుడు మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. చేపపిల్లలను పుట్టించి అమ్మే హేచరీలు వచ్చాయి. పిల్ల కొనుక్కునే సరుకైంది. పిల్లను కొనగలిగితే దానికి ఇల్లు కట్టాలి, ఇంటికి గోడ కావాలి. చెరువుకు గోడంటే గట్టు.

కొల్లేరులోకి ఆ గట్టును దొడ్డిదారిన తెచ్చింది ఆక్రమణదారులు కాదు, రాజమార్గాన తెచ్చింది ప్రభుత్వమే. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. 1976లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా, సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వి మత్స్యకార సహకార సంఘాలకు అప్పగించారు. ఏటేటా వరదకు పంట పోగొట్టుకుంటున్న ఊళ్లకు స్థిరమైన ఆదాయం చూపించాలన్నది ఉద్దేశం. అందులో దురుద్దేశం వెతకడం నాకిష్టం లేదు. కానీ ఆ రోజు జరిగింది చిన్న మార్పు కాదు. నీటికి మొదటిసారి సరిహద్దు వచ్చింది. సరిహద్దున్నదానికి యజమాని వస్తాడు, యజమాని ఉన్నదానికి లీజు వస్తుంది.

చేపల చెరువు మీద పెట్టుబడి మామూలుది కాదు. పిల్ల, తవుడు, వేరుశనగ చెక్క, ఎరువు, డీజిలు, కాపలా. సంఘంలో ఉన్న దోనెవాడి దగ్గర అంత డబ్బెక్కడిది? కాలక్రమంలో చాలాచోట్ల చెరువులు పెట్టుబడి ఉన్నవాళ్ల చేతికి లీజుకు వెళ్లాయి. ఊరికి ఏటా లీజు సొమ్ము వస్తుంది, ఇంటింటికీ వాటా పంచుకుంటారు. లాభం చూసి బయటివాళ్లు సంఘాలతో పని లేకుండానే సొంతంగా గట్లు పోసుకున్నారు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు వేసిన చేపల లారీలు కోల్‌కతాకు, అస్సాంకు బారులు తీరాయి. మన మార్కెట్‌లో అమ్మే శీలావతికి కూడా చాలాసార్లు పుట్టిల్లు ఇదే. ఆ చేప మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. దాన్ని పాపపు సొమ్ముగా చూపించే రాతలు నాకు నచ్చవు.

నచ్చని ఇంకో రాత కూడా ఉంది. 'కొల్లేరు మత్స్యకారుల జీవనాధారం చేపల చెరువులే' అన్నది. వేటగాడికి ఈ చెరువులో రెండు పాత్రలే మిగిలాయి. లీజు వాటా తీసుకునేవాడు, లేదా పట్టుబడి రోజు వల లాగే కూలీ. చెరువులో చేప అతనిది కాదు. గట్టు అవతల మావు పెట్టుకుందామంటే పారే దారి లేదు. పట్టుబడికి ముందు చెరువుల నుంచి బయటికి తోడేసిన మురుగునీరు మిగిలిన సరస్సులోకి చేరి, నాచుకూ గుర్రపు డెక్కకూ మేతవుతుంది. డెక్క కమ్మిన చోట దోనె కదలదు.

గీత ఎక్కడ గీయాలి

1999 అక్టోబరులో జీవో 120తో +5 కాంటూరు లోపలి ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 77 వేల ఎకరాలు. 2002 ఆగస్టులో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడు చూపించిన విస్తీర్ణం మాత్రం 90,100 హెక్టార్లు, అంటే +10 గీత దాకా. రెండు అంకెలూ పత్రికల్లో ఒకదాని బదులు ఒకటి దొర్లుతుంటాయి. కంగారు పడక్కర్లేదు. కఠినమైన ఆంక్షలున్నది +5 లోపల.

అభయారణ్యం అనగానే వేట నిషేధమనుకుంటారు. అదీ పొరపాటే. సంప్రదాయ పద్ధతిలో వేటకు, రసాయనాలు లేని వ్యవసాయానికి ఇక్కడ చోటుంచారు. మావుకు, దోనెకు అడ్డు లేదు. అడ్డున్నది గట్టుకు. మొదట చెప్పిన రెండు చేపల తేడా చట్టానికి బాగానే తెలుసు, మన చర్చల్లోనే అది కనబడదు.

అయితే చట్టం చేసినవాళ్లూ ఒక ముడి వేసి వదిలేశారు. +5 లోపల ఉన్నదంతా ప్రభుత్వ భూమి కాదు. వేల ఎకరాల జిరాయితీ (సొంత పట్టా) భూములున్నాయి, పేదలకిచ్చిన డీ ఫారం పట్టాలున్నాయి. తాతల నాటి పట్టా చేతిలో పెట్టుకుని, దాంట్లో ఏం చేయాలన్నా అటవీశాఖను అడగాల్సిన పరిస్థితి వాళ్లది. పరిహారం కోసం వాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆక్రమణదారును, పట్టాదారును ఒకే గాటన కట్టి తిట్టడం అన్యాయం.

2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అధికార యంత్రాంగం కదిలింది. సుప్రీంకోర్టు నియమించిన సాధికార కమిటీ సిఫార్సులు వెనక ఉన్నాయి. యంత్రాలు, పేలుడు పదార్థాలు తెచ్చి గట్లు కొట్టేశారు. సంఘాల చెరువులూ పోయాయి, పెద్దల చెరువులూ పోయాయి. నీరు మళ్లీ కలిసింది. కానీ ముప్పై ఏళ్లుగా లీజు సొమ్ముతో, కూలీతో బతుకుతున్న ఊళ్లకు ఒక్కసారిగా ఆ ఆధారం పోయింది. వేట తిరిగి నిలదొక్కుకోవడానికి కావాల్సిన సమయం, సాయం రెండూ అరకొరే. ఆ ఖాళీలో గట్లు మళ్లీ లేచాయి. మట్టి గట్టు పోయడానికి ఒక యంత్రం, కొన్ని రాత్రులు చాలు.

అప్పటి నుంచీ నడుస్తున్న రాజకీయ డిమాండు ఒకటే: గీతను +5 నుంచి +3కు దించాలి. 2008లో శాసనసభ ఆ మేరకు తీర్మానం కూడా చేసింది. కేంద్రం 2010లో పి.ఎ. అజీజ్ నాయకత్వంలో నిపుణుల కమిటీని వేస్తే, అది దించడానికి ఒప్పుకోలేదు. అభయారణ్యం సరిహద్దును రాష్ట్రం తనంతట తాను మార్చలేదు. జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు ఉండాలి, సుప్రీంకోర్టు అనుమతి ఉండాలి. కాబట్టి సభల్లో వినిపించే 'మేమొస్తే కాంటూరు తగ్గిస్తాం' అన్న మాటకు అంత బలం లేదు.

ఇక దించడం వల్ల ఏమవుతుంది? పైన చెప్పిన అంకెలు మళ్లీ తీయండి. 308లోంచి 135 తీసేస్తే 173 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో 43 వేలకు కాస్త అటూ ఇటూ. జిరాయితీ రైతుకు ఊరట దొరుకుతుంది, నిజమే. మిగతా భూమిలో గట్లు చట్టబద్ధమవుతాయి. వేటగాడికి మాత్రం ఒరిగేదేమీ నాకు కనబడదు. ముంపు గడ్డి, కిక్కిస, పిల్లలు పెరిగే లోతులేని అంచు ఉన్నది సరిగ్గా ఆ రెండడుగుల మధ్యే. పట్టాదారు సమస్యకు పరిష్కారం పరిహారం. దానికి బదులు గీత జరపడమంటే, ఒకరి అప్పు తీర్చడానికి పక్కింటివాడి ఇల్లు రాసివ్వడం.

గూడబాతుల మాట కూడా ఒకటి చెప్పాలి. కైకలూరు దగ్గరి ఆటపాకలో అటవీశాఖ వాటికి గూళ్ల కోసం ఇనుప స్టాండ్లు కట్టింది, చూడటానికి వచ్చేవాళ్లకు పడవ షికారు ఉంది. తీరా ఆ పక్షులు ఆకలేస్తే చుట్టుపక్కల చేపల చెరువుల మీద కూడా వాలుతాయి. రైతు టపాకాయలు కాల్చి తోలుతాడు. చెరువులన్నీ తీసేస్తే పక్షులు హాయిగా ఉంటాయనీ, చెరువులుంటే పక్షులు బతకవనీ రెండు వైపులా చెప్పే మాటలు అంత సూటిగా లేవు.

వరదొచ్చినప్పుడు ఈ వాదాలన్నీ ఒకేచోట తేలతాయి. +5 దాకా నిండిన కొల్లేరులో మట్టం ఇంకొక్క అడుగు పెరిగిందంటే, 308 చదరపు కిలోమీటర్ల మీద అది మూడు టీఎంసీలకు పైమాటే. పళ్లెంలో సగం గట్లు కట్టేసుకుంటే అదే నీరు మిగిలిన సగంలో రెండడుగులు లేస్తుంది. లేచిన నీరు లంక ఊళ్లలోకి, పై పొలాల్లోకి పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. నగరంలో నీళ్లు తీసి టీవీ కెమెరాలు వెనక్కి వెళ్లాక, ఆ నీరంతా కొల్లేరుకు చేరింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీదుగా నీళ్లు పారాయి, లంక గ్రామాలకు మళ్లీ పడవలే దిక్కయ్యాయి. కిందికి పోవాలంటే ఉన్నది ఆ కిలోమీటరుకు అంగుళం వాలే.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన అందుకే పదే పదే వస్తుంది. వేసవిలో ఉప్పునీరు ఎక్కకుండా ఆపవచ్చు, సరస్సులో మంచినీరు నిలపవచ్చు. తలుపులు ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు అన్న దాని మీద నీలకంఠ రొయ్య రాకపోకలు ఆధారపడి ఉంటాయి. ఆ తలుపుల వేళల గురించి మావులవాళ్లను కూర్చోబెట్టి అడిగితే ఇంజనీర్లకు కొంత శ్రమ తప్పుతుంది.

దోనె మాత్రం పూర్తిగా పోలేదు. ఈసారి ఆ బస్సులో వెళ్లేటప్పుడు చేపల చెరువుల లోపలికి చూడండి. పొద్దున్నే ఒక మనిషి దోనె మీద బయల్దేరతాడు. నీళ్లలో పాతిన కర్రలకు సంచులు వేలాడుతుంటాయి. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, చెక్క నింపి కడితే చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. ఒక కర్ర దగ్గర సంచి విప్పి, కొత్తది కట్టి, గెడతో నెట్టుకుంటూ ఇంకో కర్ర దగ్గరికి. అలా వరసంతా అయ్యేసరికి అవతలి గట్టు వస్తుంది. అక్కడ దోనె వెనక్కి తిప్పుకుంటాడు.